భుజానికి తగలని తుపాకీ

నాన్న పోయిన ఏడాదికి పోలీసు స్టేషన్ నుంచి ఫోనొచ్చింది. మీ నాన్నగారి తుపాకీ గుంటూరులో తుపాకుల షాపు వాళ్ల దగ్గర డిపాజిట్‌లో ఉంది, అలా ఎన్నాళ్లుంచుతారు, వారసుల్లో ఎవరో ఒకరు లైసెన్సు తమ పేరు మీద రాయించుకోండి, అక్కర్లేదంటే షాపుకే అమ్మేయండి అన్నారు. మర్యాదగానే చెప్పారు. నాకే ఒళ్లు మండింది. మనిషి పోయిన దిగులు నుంచే ఇంకా తేరుకోలేదు, ఇనప గొట్టాలకి ఇంత తొందరేమిటనిపించింది.

తమ్ముడికి చెప్పాను. వాడు చీమకుర్తిలో గ్రానైట్ యూనిట్లో సూపర్‌వైజరు. రోజంతా రాయి కోసే చప్పుడు మధ్య ఉంటాడు కాబట్టి ఇంటికొచ్చినా, ఫోన్లో అయినా అరిచే మాట్లాడతాడు.

"అమ్మెయ్యక్కా. ఎవడు పేలుస్తాడు దాన్ని?"

"నేను."

వాడు యూనిట్ బయటికి నడిచినట్టున్నాడు, రాయి కోసే చప్పుడు తగ్గింది.

"నీ భుజంతోనా?" అన్నాడు, ఈసారి అరవకుండా.

నా కుడి భుజం సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. నాకు పదిహేడేళ్లప్పుడు ట్రాక్టరు మీద మిర్చి టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డుకి బయల్దేరాం. టిక్కీ అంటే మా వైపు మిరపకాయలు తొక్కి కుట్టిన గోనె బస్తా. నాన్న నన్ను బస్తాల పైన కూర్చోమన్నాడు. "గాలి బాగా తగులుద్ది, ఎక్కమ్మా" అన్నాడు. ఊరు దాటి పది నిమిషాలు కాలేదు, మలుపులో బస్తా జారింది, దాంతోపాటు నేనూ జారాను. మెడ కింద ఎముక విరిగింది. పుత్తూరు కట్టు కట్టించారు. ఎముక అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. ఇప్పటికీ అక్కడ రేగిపండంత బుడిపె ఉంది. దాని మీద హ్యాండ్‌బ్యాగ్ పట్టీ పడినా ప్రాణం జివ్వుమంటుంది.

ఆ తర్వాత నాన్న నా చేత ఏ బరువూ మోయించలేదు. మందు కొట్టే ట్యాంకు ఎత్తుకోబోతే లాక్కునేవాడు. నీళ్ల బిందె కూడా కుడి పక్క పెట్టనిచ్చేవాడు కాదు. "నేనేమన్నా గాజు బొమ్మనా?" అని కయ్యిమనేదాన్ని. ఆయన జవాబు చెప్పేవాడు కాదు. నాన్న నాకంటే మొండివాడు, కాకపోతే నోరు లేని మొండివాడు.

పర్చూరు పక్క మా ఊరు. నల్లరేగడి. మిర్చి, పత్తి, శనగ వేస్తాం, వాగు పక్క పొలం చెక్కలో మొక్కజొన్న. ఆ వాగు చుట్టూ సర్కారు తుమ్మ దట్టంగా పెరిగింది, అందులో అడవి పందులు కాపురం పెట్టాయి. తుపాకీ అందుకే ఉండేది. పందిని కొట్టడానికి కాదు, కొడితే కేసు. తెల్లవారుజామున చేలోకెళ్లి ఆకాశంలోకి ఒక తూటా పేలిస్తే ఆ చప్పుడికి నాలుగు రోజులు ఇటు రావు. రెండు గొట్టాల తుపాకీ, పన్నెండు బోరు. తాత కొన్నాడు, నాన్నకిచ్చాడు.

ఇచ్చాడంటే ఊరికే ఇవ్వలేదు. నాన్న వెళ్లి అడిగితే ఇచ్చాడట. అదే మా ఇంటి పద్ధతి. తుపాకీ పట్టుకునేవాళ్లు తమంతట తామే వచ్చి అడగాలి, పెద్దవాళ్లు పిలిచి చేతిలో పెట్టకూడదు. పిలిచి పెడితే, రేపు దానివల్ల ఏదైనా జరిగితే ఆ పాపం పెట్టినవాడిదని తాత అనేవాడట. నాన్న దీన్ని అక్షరం పొల్లు పోకుండా పాటించాడు. తమ్ముడు పందొమ్మిదేళ్లప్పుడు అడిగాడు. నాన్న పక్కనే నిలబడి పేల్పించాడు. వాడు పత్తి చేలో వెల్లకిలా పడ్డాడు, నాలుగు రోజులు భుజం నీలంగా ఉంది. మళ్లీ ఆ తుపాకీ వంక చూడలేదు.

నేను చూస్తూనే ఉండేదాన్ని. నన్ను అదే ఊళ్లో, రెండు వీధుల అవతలికి ఇచ్చారు. అమ్మ పోయాక పొద్దున్నే పుట్టింటికెళ్లి నాన్నకి కాఫీ ఇచ్చి, ఇద్దరం కలిసి చేలోకి పోయేవాళ్లం. మా ఆయనకి ఎరువుల కొట్టు. ఆయన బొద్దింకని కూడా చంపడు, చీపురుతో బయటికి సాగనంపుతాడు. అందుకని రెండిళ్ల సేద్యం నేనూ నాన్నా చూసుకునేవాళ్లం. ఎన్నికలొచ్చినప్పుడల్లా తుపాకీ స్టేషన్‌లో అప్పజెప్పాలి కదా. మోపెడ్ నేను నడిపేదాన్ని. వెనక నాన్న పాత పంచెలో చుట్టిన తుపాకీని నిలువుగా పట్టుకుని కూర్చునేవాడు. కానిస్టేబులు దానికి చీటీ కట్టి లోపల పెడుతుంటే, కూతుర్ని అత్తారింట్లో దిగబెట్టినవాడిలా గుమ్మం దగ్గర తచ్చాడేవాడు. నన్ను దిగబెట్టినప్పుడు మాత్రం ఇంత తచ్చాడలేదని ఏడిపించేదాన్ని.

అన్నేళ్లు ఆ తుపాకీకి బండి నడిపాను గానీ, ఒక్కసారి ముట్టుకోలేదు. అడగలేదు. నాకు అడగాలని ఎంత ఉండేదో చెప్పలేను. తెల్లవారుజామున వాగు వైపు నుంచి ఆ చప్పుడు వినిపిస్తే పక్క మీదే లేచి కూర్చునేదాన్ని. కానీ అడిగితే భుజం సంగతి వస్తుంది. నీ వల్ల కాదమ్మా అంటాడు. ఆ మాట ఆయన నోట వినడం నాకిష్టం లేదు. అసలు నన్ను బస్తాల మీదికి ఎక్కమన్నది ఆయన కదా, తుపాకీ పట్టుకోమనే మాట కూడా ఆయనే అనాలి అని నా పంతం. పద్ధతి గిద్ధతి నాకు తెలియదు, నా ఒక్కదాని కోసం ఆ పద్ధతి పక్కన పెట్టాలి.

ఒకసారి అడిగేదాకా వచ్చింది. నాన్న వసారాలో కూర్చుని గొట్టాల్లోకి నూనె గుడ్డ దూరుస్తున్నాడు. నేను స్తంభం పక్కన నిలబడ్డాను. నాలుక చివర దాకా వచ్చింది మాట. ఆయన తలెత్తి "ఏంటమ్మా?" అన్నాడు. "కాఫీ తాగుతావా?" అన్నాను. అప్పటికి కాఫీ తాగి పావుగంట కాలేదు. నాన్న నన్ను చాలాసేపు చూసి, "తే" అన్నాడు. ఇష్టం లేకపోయినా రెండో కాఫీ తాగాడు.

తర్వాత మూడు నెలలకి పోయాడు. నిద్రలోనే. ఏడుపు రావాల్సిన చోట నాకు కోపం వచ్చింది. ఇవ్వకుండానే పోయాడని.

అందుకే తమ్ముడితో నేనే పేలుస్తానన్నాను. వాడు అభ్యంతరం లేదని కాగితం రాసిచ్చాడు. కానీ లైసెన్సు రావాలంటే తుపాకీ పేల్చడం వచ్చినట్టు ట్రైనింగ్ సర్టిఫికెట్ కావాలి. అది లేకపోతే నాన్న తుపాకీ ఇంటికి రాదు. షాపు అతనే ఆ ట్రైనింగూ ఇప్పిస్తాడు, గుంటూరు బయట రేంజికి తీసుకెళ్లి.

షాపు అతను కుర్రవాడే, నలభై లోపు. నా భుజం సంగతి విని నన్నూ నాన్న తుపాకీనీ మార్చి మార్చి చూశాడు.

"ఇది చాలా హెవీ అండి మేడమ్. మీకు లైట్ వెయిట్ కావాలి. లేడీస్‌కి ఇదే బెస్టు" అని ఒంటి గొట్టం తుపాకీ ఒకటి తీసి చేతిలో పెట్టాడు.

నిజంగానే తేలిక. ఒంటి చేత్తో లేపాను. మా ఆయన కూడా దాన్నీ నాన్న తుపాకీనీ చెరో చేత్తో పట్టుకుని, సంతలో గుమ్మడికాయలు చూసినట్టు తూచి, "ఇదే నయం" అన్నాడు. సాయంత్రం ఫోన్లో తమ్ముడూ అదే మాట. మేం అందరం పుట్టిన దగ్గర్నుంచీ టిక్కీలు, మందు ట్యాంకులు మోసేవాళ్ల మధ్య పెరిగాం. బరువు తగ్గితే భుజానికి సుఖమని మాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. దీంతో సర్టిఫికెట్ తెచ్చుకుందాం, నాన్న తుపాకీ పేల్చకపోయినా ఇంట్లో ఉంటే చాలు అనుకున్నాను.

రేంజిలో కాళ్లు ఎలా పెట్టాలో, మడమ భుజానికి ఎలా ఆనించాలో చూపించారు. తుపాకీ వెనక చెక్క భాగాన్ని మడమ అంటారు. పేల్చాను. చప్పుడు నాకు కొత్త కాదు. కానీ ఆ చెక్క వచ్చి సరిగ్గా ఎముక బుడిపె మీద గుద్దింది. కళ్ల ముందు తెల్లగా అయిపోయింది.

"ఫస్ట్ టైమ్ అలాగే ఉంటది మేడమ్. రిలాక్స్‌గా పట్టుకోండి" అన్నాడు షాపు అతను.

రెండోసారి ఇంకా గట్టిగా తగిలింది. మూడోసారి కళ్లు మూసుకుని పేల్చాను. పేల్చాక తుపాకీ బల్ల మీద పెట్టేసి, రేకుల షెడ్డు వెనక్కి పోయి గోడకానుకుని ఏడ్చాను. నొప్పికి కొంత, కోపానికి ఎక్కువ. ఈ చీపురుపుల్ల లాంటిదే ఇంత కొడితే, ఆ రెండు గొట్టాల బండ ఇంకెంత కొడుతుంది? తమ్ముడంతవాడు పడిపోయాడు. నాన్నకి ఇది తెలుసు కాబట్టే నన్ను పిలవలేదు, నా వల్ల కాదనే అనుకున్నాడు, నిజంగానే నా వల్ల కాదు. ఆయన మాట నెగ్గిందని ఆయన మీద మళ్లీ కోపం.

మర్నాడు పొద్దున షాపుకెళ్లాను, నాన్న తుపాకీ అమ్మేస్తానని సంతకం పెట్టడానికి. మా ఆయన్ని రావద్దన్నాను. షాపు అతను కాగితాలు తయారుచేస్తూ తుపాకీ తెప్పించి కౌంటరు మీద పెట్టాడు. గోధుమరంగు చెక్క, నాన్న చెంప ఆనిన చోట నున్నగా మెరుస్తోంది. అటు చూడకుండా పెన్ను అడిగాను.

వెనక గదిలోంచి ఒక పెద్దాయన వచ్చాడు. తెల్లటి గడ్డం, చేతులకి నల్లటి నూనె. ఆ షాపులో తుపాకులు బాగుచేసే మేస్త్రీ. నాన్న ఏడాదికోసారి నూనె వేయించడానికి తెచ్చేది ఆయన దగ్గరికే. తుపాకీని చూడగానే గుర్తుపట్టాడు.

"ఇది పర్చూరు రైతు గారిది కాదూ? అమ్మేస్తున్నారా? ఆయనకో కూతురుండాలే, భుజం విరిగిన అమ్మాయి."

"నేనేనండి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. నా చేతుల్నే ఎక్కువ చూశాడు.

"మరి నువ్వు పేల్చవా తల్లీ?"

నిన్న జరిగింది చెప్పాను. ఒంటి గొట్టం తుపాకీ చూపించి, ఇదే ఇలా కొడితే అది ఎలా కొడుతుందో అన్నాను. పెద్దాయన ఆ తేలిక తుపాకీని ఒకసారి లేపి, వెంటనే కింద పెట్టేశాడు.

"దీన్ని ఎవరిచ్చారు నీకు?" అన్నాడు. షాపు అతను కాగితాల్లో తల దూర్చాడు. "మొయ్యడం వేరు, పేల్చడం వేరమ్మా. ఖాళీ తోపుడుబండిని తంతే సర్రున పోద్ది. బండి నిండా సరుకుంటే, అదే తన్ను తన్నినా కొంచెమే కదులుద్ది. ఇది ఖాళీ బండి. తూటా పేలగానే సర్రున వెనక్కొచ్చి నీ మీద పడుద్ది. బరువు తుపాకీ అయితే ఆ తన్ను తనే తినేసుద్ది. నీ భుజానికి బరువుదే కావాలి. పైగా ఇది పొడుగు. నీ చెయ్యి పొట్టి. మడమ భుజం గుంటలో కూర్చోక ఎముక మీదికొచ్చింది."

"నాన్నది ఇంకా పొడుగు కదండీ?"

మేస్త్రీ లోపలికెళ్లి స్క్రూడ్రైవరు తెచ్చాడు. నాన్న తుపాకీ మడమ చివర రెండు మరలున్నాయి. వాటిని విప్పాడు. రెండు వేళ్ల మందం చెక్కముక్క ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. దాని అంచు ఎక్కడ అతికిందో అప్పటిదాకా కంటికి కనిపించనేలేదు. మిగిలిన చెక్కలో గుండ్రటి తొర్ర ఉంది, దాని నిండా బూడిద రంగులో సీసం గట్టిపడి ఉంది.

"పదేళ్ల పైమాటే" అన్నాడాయన. "మీ నాన్న ఒక పురికొస ముక్క పట్టుకొచ్చాడు, దానికి రెండు ముడులు. నీ మోచేతి మడత నుంచి వేలి దాకా కొలత అది. మధ్యాహ్నం మంచం మీద కునుకు తీస్తుంటే కొలిచాడంట, నువ్వు లేస్తావని ఊపిరి బిగబట్టి. ఈ కొలతకి మడమ కొయ్యమన్నాడు. కోస్తే మీకు పనికిరాదు కదండీ అన్నాను. అయితే ముక్క తీసేటట్టు పెట్టు, మా అమ్మాయి పట్టుకునేదాకా నేను వాడుకుంటా అన్నాడు. భుజానికి దెబ్బ తెలవకూడదంటే ఏం చెయ్యాలన్నాడు. సీసం పొయ్యాలి, మీకు మొయ్యడం కష్టమవుద్ది, పొద్దున్నే చేలో తిరిగే మనిషి అన్నాను. 'నేను మోస్తాలే మేస్త్రీ. దాని భుజానికి తగలకపోతే చాలు' అన్నాడు."

నేను ఆ చెక్కముక్కని చేతిలోకి తీసుకున్నాను.

"ఏటా నూనెకి వచ్చినప్పుడల్లా అడిగేవాణ్ని, అమ్మాయి అడిగిందా అని. 'ఇంకా లేదు' అనేవాడు. ఆఖరిసారి వచ్చినప్పుడు మాత్రం, 'ఈసారి దగ్గర దాకా వచ్చింది మేస్త్రీ, కాఫీ దగ్గర ఆగిపోయింది' అని నవ్వాడు. నాకర్థం కాలేదు."

నాకు అర్థమైంది. అక్కడే, ఆ షాపులో, తెలియని ఇద్దరు మగవాళ్ల ముందు నోట్లో కొంగు కుక్కుకుని కూర్చుండిపోయాను. షాపు అతను మంచినీళ్లు తెచ్చాడు. మేస్త్రీ నమాజుకి టైమైందని లేచి, వెళ్తూ వెళ్తూ అతనితో, "లోపల సీసం రవ్వలు తక్కువుండే తూటాలియ్యి, దెబ్బ తగ్గుద్ది. మడమకి రబ్బరు నేను వచ్చి బిగిస్తా. ఆ కాగితం చించెయ్" అన్నాడు.

మూడు రోజులాగి మళ్లీ రేంజికి వెళ్లాను. నాన్న తుపాకీని మొదటిసారి నా చేతుల్లోకి తీసుకున్నాను. ఎంత బరువో. డెబ్బై దాటిన మనిషి దీన్ని చీకట్లో, బురదలో, వాగు దాకా మోశాడు. అది నా కోసమని నాకు తెలియదు. నేను ఆ పొద్దుల్లో పక్క మీద కూర్చుని, ఒక్కసారైనా తనతో నన్ను పిలవడేమని ఆయన్ని తిట్టుకుంటూ ఉండేదాన్ని.

మడమ భుజం గుంటలో సరిగ్గా కూర్చుంది. నా చెంప చెక్క మీదికి దానంతటదే వచ్చింది, నేను వంగలేదు, మెడ చాచలేదు. పేల్చాను. బుడిపె ఊసే లేదు. ఎవరో వెనక్కి జరగమ్మా అని అరచేత్తో మెల్లగా తోసినట్టనిపించింది, అంతే. రెండోది పేల్చాను. మూడోది. సర్టిఫికెట్‌కి సరిపోయినన్ని అయ్యాయి, చాలు మేడమ్ అంటున్నా వినకుండా ఇంకా రెండు పేల్చాను. మా ఆయన చెవులు మూసుకుని షెడ్డు స్తంభం వెనక నుంచి తొంగిచూస్తున్నాడు.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు.

"నొప్పెట్టిందా అక్కా?"

"లేదురా."

"నిజంగా?"

"నిజంగానే. అసలు తగల్లేదు."

"మరి ఏడుస్తున్నావేంటి?"

వాడికి చెప్పడం నాకు చేతకాలేదు. నాన్న పోయిన దగ్గర్నుంచీ నా దగ్గర ఆయన మీద కోపం ఒకటి ఉండేది. నన్ను పిలవలేదని, నా వల్ల కాదనుకున్నాడని. పొద్దున్నే కాఫీ పెట్టుకుంటూ ఆయనతో పోట్లాడేదాన్ని, చేలో పోట్లాడేదాన్ని, మోపెడ్ మీద పోతూ వెనక సీటుతో పోట్లాడేదాన్ని. ఆయన ఇంకా ఎక్కడో విని ఊరుకుంటున్నట్టే ఉండేది. ఇప్పుడు పోట్లాడటానికి ఏమీ మిగల్లేదు. నాన్న లేడని నాకు ఆ సాయంత్రమే తెలిసింది.